అంబర్‌పేట రేకుల గదిలో బీరు కాచే విధానం

2025 జనవరిలో కింగ్‌ఫిషర్ బీరు తయారుచేసే యునైటెడ్ బ్రూవరీస్ కంపెనీ తెలంగాణకు సరుకు ఆపేస్తున్నట్టు ప్రకటించింది. బకాయిలు రాలేదని, ధర పెంచలేదని దాని ఫిర్యాదు. కొద్ది రోజులకే సరుకు మళ్లీ వచ్చింది. ఫిబ్రవరిలో ధర 15 శాతం పెరిగింది. ఆ రోజుల్లో అంబర్‌పేట ఆరో నంబరు దగ్గర టీ తాగుతూ, తార్నాకలో బస్సు కోసం నిలబడి, ఉస్మానియా హాస్టల్ మెట్ల మీద కూర్చుని చాలామంది కుర్రాళ్లు ఒకటే మాట అనుకున్నారు: మనమే కాచుకుంటే పోలా?

పోతుంది. గది అడ్వాన్సు పోతుంది, నిద్ర పోతుంది, ఒక్కోసారి కిటికీ అద్దం పోతుంది. అయినా పట్టుదల ఉన్నవాళ్ల కోసం ఈ సలహాలు. ఇవన్నీ ఒక అన్న ఇంకో తమ్ముడికి నోటిమాటగా అప్పజెప్పినవి. ఎవరూ పరీక్షించి చూడలేదు కాబట్టి తప్పని ఎవరూ నిరూపించలేదు. చుట్టుపక్కల పరీక్షించగలిగినవాళ్లకి కొదవ లేదు. క్యాంపస్‌లో మైక్రోబయాలజీ విభాగం ఉంది, తార్నాకలో పోషకాహార సంస్థ ఉంది, దాని పక్కన రసాయన సాంకేతిక సంస్థ ఉంది, ఇంకాస్త ముందుకెళ్తే హబ్సిగూడలో సీసీఎంబీ ఉంది. తార్నాక చౌరస్తాలో నిలబడి రాయి విసిరితే ఎవరో ఒక శాస్త్రవేత్తకి తగులుతుంది. రాయి విసరండి గానీ, సలహా మాత్రం అడగకండి.

కావలసిన సామాను

20 లీటర్ల మంచినీళ్ల క్యాను ఒకటి, వాటర్ ప్లాంటుకి తిరిగి ఇవ్వాల్సినది. గదిలో నలుగురూ అన్నం వండుకునే గిన్నె. స్నానాల బకెట్. వడకట్టడానికి పాత బనియను. చక్కెర, లెక్క చూడకుండా. థర్మామీటరు, హైడ్రోమీటరు, చిన్న కాటా కొనకండి. కొలతలు రాసిపెట్టుకుంటే తప్పు ఎక్కడ జరిగిందో తెలిసిపోతుంది. అప్పుడు ఈస్ట్‌ని తిట్టుకునే వీలుండదు.

1. చట్టం సంగతి డాలస్ బావని అడగండి

మద్యం తయారీ మీద తెలంగాణలో ఒక ఎక్సైజ్ చట్టం ఉంది. 1968లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చింది, విడిపోయాక ఇక్కడా కొనసాగింది. లైసెన్సు లేకుండా మత్తుపానీయం తయారుచేయకూడదంటుంది. అమ్మడానికి కాదు మాకోసమే అన్నా వినదు, ఒక్క క్యానే కదా అన్నా వినదు. 2015లో మైక్రోబ్రూవరీలకి నిబంధనలు వచ్చిన మాట నిజమే. అవి లైసెన్సు తీసుకుని, ఫీజు కట్టి, తనిఖీలకి తలుపు తీసి వ్యాపారం చేసేవాళ్లకి. రేకుల గదుల ప్రస్తావన అందులో లేదు.

ఇవన్నీ చదివితే ఉత్సాహం చల్లారుతుంది. అందుకే డాలస్‌లో ఉన్న బావకి వీడియో కాల్ చేయండి. బావ చెప్పేదంతా నిజమే. అమెరికాలో 1978లో జిమ్మీ కార్టర్ సంతకం పెట్టిన చట్టం ఇంట్లో బీరు తయారీకి పన్ను లేకుండా దారిచ్చింది. ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరో అంతకన్నా ఎక్కువో ఉంటే 200 గ్యాలన్లు, అంటే 750 లీటర్ల పైమాట. అక్కడ కూడా ఏ రాష్ట్రానికా రాష్ట్రం ఒప్పుకోవాలి. అలబామా, మిసిసిపి 2013 దాకా ఒప్పుకోలేదు. బ్రిటన్‌లో అయితే 1963లోనే ఇంటి బీరుకి లైసెన్సు అక్కర్లేదన్నారు.

బావ గ్యారేజీలో స్టీలు డ్రమ్ములు, గాజు జాడీలు, ఉష్ణోగ్రత చూసుకునే ఫ్రిజ్ తళతళలాడుతుంటాయి. మీరు గ్రహించాల్సింది ఏమిటంటే, అమెరికా చట్టం బావ సూట్‌కేసులో ఈస్ట్ ప్యాకెట్‌తో పాటే శంషాబాద్‌లో దిగుతుంది. ఎక్సైజ్ వాళ్లు తలుపు తడితే వెంటనే బావని కాల్‌లో కలపండి. అక్కడ అర్ధరాత్రి అయినా మొహమాటపడొద్దు.

2. బార్లీ కిరాణా కొట్లోనే కొనండి

పుస్తకాలు మాల్ట్ కావాలంటాయి. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, మొలక సాగకముందే వేడిగాలికి ఆరబెడితే మాల్ట్. మొలకెత్తేటప్పుడు గింజలో అమైలేజ్ అనే ఎంజైములు తయారవుతాయి. దంచిన మాల్ట్‌ని 65 నుంచి 68 డిగ్రీల నీళ్లలో గంటసేపు ఉంచితే ఆ ఎంజైములు గింజలోని పిండిపదార్థాన్ని చక్కెరలుగా విడగొడతాయి. ఆ తియ్యటి నీళ్లే ఈస్ట్‌కి భోజనం. రాగులు మొలకెత్తించి, ఆరబెట్టి, విసిరి మనవలకి జావ కాచే అమ్మమ్మకి ఇందులో సగం విద్య ఇప్పటికే తెలుసు. కాబట్టి ఆవిడకి ఫోన్ చేయకండి.

కిరాణా కొట్లో జ్వరమొచ్చినప్పుడు కాచుకునే తెల్లటి బార్లీ దొరుకుతుంది. పొట్టు తీసి పాలిష్ పట్టింది కనుక అది మొలకెత్తదు. మొలకెత్తదు కనుక ఎంజైములు పుట్టవు. కుక్కర్లో వేసి ఆరు విజిల్స్ రానిస్తే చక్కటి గంజి వస్తుంది. మీరు దాన్ని బీరు అనుకుంటారు గానీ ఈస్ట్ అనుకోదు. అప్పుడు రెండు కిలోల చక్కెర గుమ్మరించండి. మత్తుకి లోటుండదు. రుచి సంగతి అడిగేవాళ్లని పార్టీకి పిలవకండి.

3. నీళ్లన్నీ ఒకటే

ప్రపంచంలో పేరున్న బీర్లు నీళ్లని బట్టి పుట్టాయంటారు. చెక్ దేశంలోని పిల్‌జెన్ నీళ్లు మెత్తనివి, అక్కడ లేత బంగారు రంగు బీరు కుదిరింది. డబ్లిన్ నీళ్లలో కార్బొనేట్లు ఎక్కువ, అక్కడ మాడ్చిన గింజలతో నల్ల బీరు కుదిరింది. మనకెందుకివన్నీ? పంపు తిప్పండి. వచ్చింది జలమండలి నీళ్లైతే క్లోరిన్ ఉంటుంది. దాన్ని మరిగించో, మూత తీసి రాత్రంతా ఉంచో పోగొట్టవచ్చు. పోగొట్టకపోతే గింజల్లోని ఫినాల్స్‌తో కలిసి క్లోరోఫినాల్స్ అవుతుంది. అవి చాలా కొద్దిగా ఉన్నా చాలు, గ్లాసు ఎత్తగానే ఆస్పత్రి వార్డు వాసన వస్తుంది. బోరు నీళ్లైతే ఉప్పు, సున్నం ఉచితం. ఆర్వో నీళ్లైతే ఈస్ట్‌కి కావాల్సిన ఖనిజాలూ వడకట్టుకుపోతాయి. మూడూ కలిపేస్తే ఎవరికీ అన్యాయం జరగదు.

4. హాప్స్ బదులు వేపాకు

బీరులో చేదు హాప్స్ అనే తీగ పూలది. అది చలిదేశాల పంట. మన దేశంలో హిమాచల్‌లోని లాహౌల్ లోయలో పండిస్తారు. హాప్స్‌ని గంటసేపు మరిగిస్తేనే అందులోని ఆమ్లాలు రూపం మారి చేదు నీళ్లలోకి దిగుతుంది. చేదు ఒక్కటే దాని పని కాదు, పులుపు పుట్టించే లాక్టోబాసిల్లస్ వంటి బ్యాక్టీరియాని అది అదుపులో పెడుతుంది. చివరి నిమిషాల్లో ఇంకో గుప్పెడు వేస్తే పూల వాసన, నిమ్మ వాసన నిలుస్తాయి.

ఇంత వివరం మనకి వద్దు. చేదే కదా కావాల్సింది, క్యాంపస్‌లో వేపచెట్లకి కరువా? కొమ్మ విరిచి పడేయండి. కాకరకాయ కూడా వాడవచ్చు. తాగినవాడికి పొట్టలో పురుగులు పోతాయి, మీ మీద అభిమానమూ పోతుంది.

5. కడగడం ఆడంబరం

బీరు పనిలో మూడొంతులు అంట్లు తోమడమేనని అనుభవజ్ఞులు అంటారు. ముందు మురికి పోయేలా తోమాలి, తర్వాత సూక్ష్మజీవులు పోయేలా శానిటైజ్ చేయాలి. ఇవి రెండూ వేరు వేరు పనులట. తోమని గిన్నెకి శానిటైజర్ పోసినా లాభం లేదట. వోర్ట్, అంటే ఆ తియ్యటి నీళ్లు, చల్లారాక దాన్ని తాకే ప్రతి గరిటా, గొట్టమూ, మూతా, చెయ్యీ శుభ్రంగా ఉండాలట. వోర్ట్‌ని మరిగే వేడి నుంచి 20 డిగ్రీల దాకా ఎంత త్వరగా దించితే అంత మంచిదని, ఆ గోరువెచ్చటి మధ్యకాలంలోనే బ్యాక్టీరియా పండగ చేసుకుంటుందని కూడా అంటారు.

ఈ మాటలు నమ్మితే ఆదివారం మొత్తం సింకు దగ్గరే గడుస్తుంది. క్యానుని ఒకసారి పంపు కింద తిప్పండి, చాలు. వోర్ట్‌ని మూత తీసి మేడమీద పెట్టి రాత్రంతా చల్లారనివ్వండి. పావురాలు చూసుకుంటాయి. గాజుసామాను కావాలంటే ల్యాబ్‌లో పనిచేసే మిత్రుణ్ని అడిగి వాడి పారేసిన ఫ్లాస్కు తెచ్చుకోండి. అందులో అంతకుముందు ఏముండేదో అడిగి స్నేహం చెడగొట్టుకోకండి.

6. ఈస్ట్ లేకున్నా నడుస్తుంది

1516లో బవేరియాలో బీరుకి ఒక శాసనం చేశారు. బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప ఇంకేమీ వాడరాదన్నారు. ఈస్ట్ పేరే లేదు. అంతటి శాసనంలో లేనిదాన్ని మనం డబ్బు పెట్టి కొనడమెందుకు?

ఈస్ట్ అప్పుడూ ఉంది, దాన్ని చూసినవాళ్లే లేరన్నది వేరే సంగతి. పులియడం ఈ జీవి చేసే పనేనని పందొమ్మిదో శతాబ్దంలో గానీ తేలలేదు. 1876లో లూయీ పాశ్చర్ బీరు మీద ఒక గ్రంథమే రాశాడు. 1883లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ హాన్సెన్ ఒక్క కణం నుంచి శుద్ధమైన ఈస్ట్‌ని పెంచాడు. బీరు ఒకసారి బాగా, ఇంకోసారి చెడిపోయి రావడానికి కారణం అడవి ఈస్ట్‌లు చొరబడటమేనని అప్పుడు తెలిసింది. ఇప్పుడు 20 లీటర్లకి 11 గ్రాముల పొడి ఈస్ట్ ప్యాకెట్ ఒకటి సరిపోతుంది.

మీరు మాత్రం ఫ్రిజ్‌లో మిగిలిన దోసెల పిండి ఒక గరిటెడు వేయండి. అదీ పులిసిందే కదా. అందులో పని చేసేది ఎక్కువగా లాక్టిక్ ఆమ్లం పుట్టించే బ్యాక్టీరియా. కాబట్టి వారం తిరిగేసరికి క్యానులో పుల్లట్లకి పనికొచ్చే నీళ్లు తయారవుతాయి. ఏదీ వృథా పోలేదన్న తృప్తి మిగులుతుంది.

7. ముహూర్తం మే నెలలో పెట్టుకోండి

తెలివితక్కువవాళ్లు డిసెంబరు దాకా ఆగుతారు. ఏల్ రకం బీరుకి వాడే ఈస్ట్‌కి 18 నుంచి 22 డిగ్రీలు హాయి. లాగర్ ఈస్ట్‌కి ఇంకా చల్లగా, 8 నుంచి 13 డిగ్రీలుండాలి. మన దుకాణాల్లో సీసాల్లో దొరికేది చాలావరకు లాగరే. కాబట్టి మొదటి ప్రయత్నమే లాగర్ చేయండి, అదీ మేలో, అదీ రేకుల గదిలో. మధ్యాహ్నం బయట 40 దాటినప్పుడు రేకు కింద ఎంతుంటుందో థర్మామీటరు లేని మనకి తెలియదు కనుక బాధ లేదు.

ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ మందపాటి రాతి గోడల మధ్య నడిస్తే మే నెలలో కూడా ప్రాణానికి హాయిగా ఉంటుంది. 1939లో ఆ భవనాన్ని ప్రారంభించినవాళ్లకి ఈస్ట్ ఆలోచన లేదు గానీ, ఎండ ఆలోచన ఉంది. మీ గది కట్టిన ఓనర్‌కి మాత్రం అద్దె ఆలోచన ఒక్కటే ఉంది.

పులిసేటప్పుడు ఈస్ట్ తానే వేడి పుట్టిస్తుంది కూడా. క్యాను లోపల గదికన్నా కొన్ని డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. వేడెక్కిన ఈస్ట్ ఊరుకోదు. అరటిపండు వాసనా, నెయిల్ పాలిష్ వాసనా తెస్తుంది, మర్నాడు తలపోటు తెస్తాయనే బరువైన ఆల్కహాళ్లని కక్కుతుంది. ఇంకా వేడెక్కితే చచ్చిపోతుంది.

దీనికి విరుగుడుందని చెప్పేవాళ్లని దగ్గరికి రానీయకండి. క్యానుని నీళ్ల టబ్బులో నిలబెట్టి, తడిగుడ్డ చుట్టి, ఫ్యాను తిప్పితే కొన్ని డిగ్రీలు దిగుతుందంటారు. అది ఎండాకాలపు పొడిగాలిలో బాగా పనిచేస్తుంది, శ్రావణంలో గాలి తడిసి ఉన్నప్పుడు అంతగా పనిచేయదు. నార్వే పల్లెల్లో క్వైక్ అనే ఈస్ట్‌ని తరతరాలుగా కాపాడుకుంటూ వచ్చారని, అది 35 డిగ్రీల పైన కూడా శుభ్రంగా పులియబెడుతుందని ఇంకొందరంటారు. మన మేకి నార్వే నుంచి మందు రావడం మన ఎండకి అవమానం. ఒప్పుకోవద్దు.

8. మూత బిర్రుగా బిగించండి

20 లీటర్ల బీరు పులిసి ముగిసేసరికి సుమారు 400 లీటర్ల బొగ్గుపులుసు వాయువు బయటికొస్తుంది. దానికి దారివ్వడానికి ఎయిర్‌లాక్ అని చిన్న ప్లాస్టిక్ పరికరం పెడతారు. లోపలి గాలి నీళ్లలోంచి బుడగలుగా పోతుంది, బయటి గాలి లోపలికి రాదు. క్యానులో పావు వంతు ఖాళీ వదిలితే మొదటి రెండు మూడు రోజుల్లో లేచే నురగకి చోటుంటుంది. మీరు అంచుదాకా నింపి, మూత బిగించి, దాని మీద పోటీ పరీక్షల పుస్తకాలు పేర్చండి. ఇండియన్ పాలిటీ అడుగున, కరెంట్ అఫైర్స్ పైన. తెల్లారి చూస్తే కరెంట్ అఫైర్స్ సీలింగ్‌కి అంటుకుని ఉంటుంది.

మంచం కింద, కిటికీలు మూసిన చిన్న గదిలో పెట్టడం ఇంకా శ్రేష్ఠం. ఆ వాయువు గాలికన్నా బరువు కనుక కిందనే పరుచుకుంటుంది. నేల మీద చాప వేసుకుని పడుకునేది మీ రూమ్మేటే కదా, మీరు కాదు.

9. శనివారం కాచి ఆదివారం తాగండి

పులియడానికి రెండు వారాలు, సీసాలో గ్యాసు పట్టడానికి ఇంకో రెండు వారాలు ఆగమంటారు. బుడగలు ఆగినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదట. ద్రవం సాంద్రత చూపే హైడ్రోమీటరు ముంచి చూడాలట. మొదట 1.050 చూపించినది 1.010కి దిగితే ఆల్కహాలు సుమారు 5 శాతం. ఆ అంకె రెండు మూడు రోజుల పాటు కదలకపోతే అప్పుడు ముగిసినట్టట. మొదట అంకె రాసుకోనివాడికి చివర శాతం తెలియదట.

మ్యాచ్ ఆదివారం ఉంటే బీరు నాలుగు వారాల తర్వాత ఎవరికి కావాలి? రోజుకి పదిసార్లు మూత తీసి చూడండి, వేలు ముంచి రుచి చూడండి, గరిటెతో తిప్పండి. పులిసిన బీరుకి గాలి తగిలితే పాత అట్టపెట్టె వాసన వస్తుంది. దాన్ని మీ గదిలోని మిగతా వాసనల నుంచి విడదీసి గుర్తుపట్టగలిగిన మొనగాడు అంబర్‌పేటలో లేడు.

10. సీసాకి మూడు చెంచాల చక్కెర

గ్యాసు కోసం సీసాలో కాస్త చక్కెర వేసి మూత వేస్తారు. మిగిలిన ఈస్ట్ దాన్ని తిని, వాయువుని బీరులోనే బంధిస్తుంది. లీటరుకి 6, 7 గ్రాములు చాలు. 650 మిల్లీలీటర్ల సీసాకి ఒక చెంచాడు చాలు. అంత కొద్దిదానికే లోపలి ఒత్తిడి కారు టైరులో గాలంత అవుతుంది. లెక్క ఇలా ఉండగా మీరు మూడు చెంచాలు వేస్తే ఫలితం మూడింతలుగా ఉండాలి. ఉంటుంది కూడా.

సీసాలు పాత సామాన్ల కొట్లో ఏరుకోండి, అంచు చిట్లినవి చవకగా ఇస్తారు. పలచటివి, పచ్చవి, తెల్లవి చూసి ఏరండి. గోధుమరంగు సీసా వెలుతురుని ఆపుతుంది, మిగతావాటిలో ఎండ తగిలిన హాప్స్ కంపుకొడుతుంది. కూల్‌డ్రింకు ప్లాస్టిక్ సీసా వాడితే చేత్తో నొక్కి ఎంత గట్టిపడిందో చూసుకోవచ్చు, పగిలినా గాజు పెంకులు ఎగరవు. అందులో థ్రిల్ లేదు. గాజు సీసాల్ని మేడమీద ఎండలో, బట్టలారేసే తీగ కింద వరుసగా పేర్చండి. దీపావళి మనకి అక్టోబరులోనో నవంబరులోనో రావాలన్న నియమం ఏముంది?

11. ప్రతి లోపానికీ ఒక పేరుంది

బీరు ఎలా కుదిరిందన్నది ముఖ్యం కాదు, ఎలా చెప్పారన్నది ముఖ్యం. ఈ జాబితా దగ్గర పెట్టుకోండి.

పచ్చి యాపిల్ వాసన: తొందరపడి తీశారు, ఎసిటాల్డిహైడ్ ఇంకా మిగిలి ఉంది. మీరు "ఫ్రూట్ బీర్" అనండి.

వెన్న వాసన: డైఎసిటైల్. ఇంకొన్ని రోజులు ఆగి ఉంటే ఈస్టే దాన్ని తినేసేది. మీరు "థియేటర్ పాప్‌కార్న్ ఫ్లేవర్" అనండి.

ఉడికిన క్యాబేజీ వాసన: మూతపెట్టి మరిగించారు, నిదానంగా చల్లార్చారు, డైమిథైల్ సల్ఫైడ్ లోపలే ఉండిపోయింది. మీరు "ఇందులో కూరగాయల పోషకాలున్నాయి" అనండి.

ఆస్పత్రి వాసన: క్లోరిన్. "స్కాచ్ స్టైల్" అనండి. స్కాచ్ తాగినవాడు గదిలో లేడని ముందే చూసుకోండి.

వెనిగర్ వాసన: గాలి తగిలింది, బ్యాక్టీరియా దూరింది. "బెల్జియంలో దీనికి చాలా ధర" అనండి. బెల్జియంలో పుల్లటి బీరు కోసం చెక్క పీపాల్లో నెలలూ ఏళ్లూ ఆగుతారన్న సంగతి దాచండి.

ఏ వాసనా లేకపోతే: ఎవరో మీకు తెలియకుండా క్యాను కడిగారు. ఎవరో కనిపెట్టండి.

12. గీత కార్మికుడి జోలికి వెళ్లకండి

పులియబెట్టే విద్య మనకి కొత్త కాదని, తాటిచెట్టు కింద నిలబడితే సగం పాఠం వస్తుందని కొందరు పెద్దలు చెప్తారు. వినకండి. గీత కార్మికుడు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మోకు వేసుకుని చెట్టెక్కుతాడు. గెలని ప్రతిసారీ కొత్తగా గీస్తాడు. నీరా తియ్యగానే ఉండాలంటే లొట్టిలో సున్నం రాస్తాడు. కల్లు కావాలంటే ఎన్ని గంటలకి దించాలో, ఎన్ని గంటలకి అది పులుపెక్కుతుందో వాసన చూసి చెప్తాడు. మర్నాటికి అది వెనిగర్ దారి పడుతుందని తెలుసు కనుక దాచి ఉంచడు. అడవి ఈస్ట్‌తో, ఎండలో, థర్మామీటరు లేకుండా పనిచేస్తున్నాడు కదా, అచ్చం మనలాగే అనిపిస్తుంది. ఆ ఒక్క పోలిక చూసి మురిసిపోయి, రోజుకి రెండుసార్లు చెట్టెక్కడం, వేళ తప్పకపోవడం అన్న వివరాలు వదిలేయండి. సొసైటీలో పేరు రాయించుకుని, లైసెన్సుతో గీస్తాడన్నది అసలే వదిలేయండి.

నగరంలో కల్లు దుకాణాలు 2004లో మూతపడి 2014లో మళ్లీ తెరుచుకున్నాయి. ఆ కథలో కూడా ఒక గుణపాఠం ఉంది. చెట్లు తక్కువా తాగేవాళ్లు ఎక్కువా అయిన చోట క్లోరల్ హైడ్రేట్, అల్ప్రజోలం వంటి మందులు కల్లులో చేరాయి. తొందర ఉన్నవాడికీ, లాభం కావాల్సినవాడికీ ఈస్ట్ ఎప్పుడూ ఆలస్యంగానే కనిపిస్తుంది.

13. పాడైనదాన్ని మరిగిద్దామా?

మొదటి క్యాను పాడైనప్పుడు గదిలో ఒకడుంటాడు. "పారబొయ్యడమెందుకురా, కుక్కరుకి గొట్టం పెట్టి ఆవిరి పడితే సరి" అంటాడు. ఇక్కడ మాత్రం నా దగ్గర సలహా లేదు. అది బీరు కాదు, సారా. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటం ఊరూరా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాని నిషేధింపజేసింది. దాని తర్వాత కూడా నల్లబెల్లం, పటిక వేసి గుడుంబా కాచినవాళ్లూ ఉన్నారు, తాగి పోయినవాళ్లూ ఉన్నారు. పులియబెట్టిన బీరులో మిథనాల్ నామమాత్రం, దానితో కళ్లు పోవు. దొంగసారాలో పారిశ్రామిక మిథనాల్ కలిస్తే కళ్లూ పోతాయి, ప్రాణమూ పోతుంది. స్పిరిట్ ఆవిరి గ్యాస్ స్టవ్ మీద మండితే గది కూడా పోతుంది. ఆ మాటన్నవాణ్ని గిన్నెలు తోమడానికి పంపండి. అయిదో సలహాకి విరుద్ధమైనా సరే.

14. ఓనర్‌కి చెప్పాల్సిన అబద్ధం

ఇది అన్నిటికన్నా ముందు తయారుచేసుకోవాలి. మాల్ట్ మరిగే వాసన వీధి చివరిదాకా వెళ్తుంది. మూడోరోజుకి క్యాను బుడబుడమంటుంది. కింది వాటా నుంచి ఓనరు ఆంటీ పైకొస్తారు.

"ఏంది తమ్మీ, మీ రూముల నుంచి గీ వాసనేంది?"

"కషాయం ఆంటీ. ఆయుర్వేదం."

"గంత పెద్ద క్యానులనా?"

"నలుగురికీ దగ్గు ఆంటీ."

ఇక్కడిదాకా అందరూ బాగానే లాక్కొస్తారు. తర్వాతి మాటకే ఎవరి దగ్గరా జవాబుండదు. "మా ఆయనకు గూడ వారం సంది దగ్గే తమ్మీ. ఓ గిలాసెడు పొయ్యి, జర తాపిస్త."

పోస్తే ఒక కేసు, పోయకపోతే ఇంకో కేసు. ఆ గ్లాసు సంగతి ఏం చేయాలో తేల్చుకునేదాకా గింజలు నానబెట్టకండి. ఈ పద్నాలుగు సలహాల్లో పాటించదగ్గది ఇదొక్కటే.